పచ్చ బూజు సంచితో మాడుగుల దాకా

కాశీ వెళ్ళొచ్చినవాళ్ళు రాస్తారు. నేను రోలుగుంట వెళ్ళొచ్చి రాస్తున్నాను. నవ్వేవాళ్ళు నవ్వొచ్చు. చోడవరం పక్కన పుట్టి, చెరుకు నరికి, బెల్లం వండి, డెబ్బై దగ్గరకొచ్చిన నాకు, బస్సు ఎక్కితే గంటలో దిగే ఊళ్ళలో మనుషులు గడ్డిని ఎన్ని రకాలుగా శుద్ధి చేస్తారో ఈ ఏడాదే తెలిసింది. దగ్గరి ఊళ్ళకి ఎవరూ యాత్ర వెళ్ళరు. పెళ్ళికో చావుకో వెళ్ళి, తిని, తిరిగొస్తారు.

అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి. అందుకని నా వాక్యాలు పొట్టిగా ఉంటాయి. పొడుగు వాక్యం మొదలెడితే మధ్యలో దారి తప్పుతాను.

బయల్దేరిన కారణం ముందే చెప్పేస్తాను. మా ఊళ్ళో చెరుకంతా ఇప్పుడు ఫ్యాక్టరీకి పోతోంది. బెల్లం వండడం ఏడాదికి నాలుగు రోజుల ముచ్చటైపోయింది. మిగతా కాలం మా వంటపాక ఖాళీ. మా కోడలు రత్నం ఆ పాకకి గ్రీన్ నెట్టు కట్టి, తాళ్ళు వేలాడదీసి, పుట్టగొడుగుల షెడ్డు చేసింది. వరిగడ్డి ముక్కలు కోసి, నానబెట్టి, ఉడకబెట్టి, ఆరబెట్టి, ప్లాస్టిక్ సంచుల్లో పొరలు పొరలుగా విత్తనంతో నింపి వేలాడదీస్తే, గడ్డంతా తెల్లగా దారం పట్టాలి. ఆ దారంలోంచి పుట్టగొడుగులు వస్తాయి. మా సంచులు పచ్చగా బూజు పట్టాయి. మొదటిసారి పట్టాయి, రెండోసారీ పట్టాయి. సంచి విప్పితే పాడుబడ్డ నూతి వాసన.

మా ఊరి ఆడవాళ్ళు కొందరు అచ్యుతాపురం వైపు కంపెనీకి వెళ్తారు. తెల్లారకముందే బస్సు వస్తుంది, చీకటి పడ్డాక దింపుతుంది. వాళ్ళ సూపర్‌వైజరు రత్నానికి ఒక చోటు ఉంచింది. సోమవారం లోగా వస్తావో రావో చెప్పమంది. రత్నానికి ఆరేళ్ళ కూతురుంది. మా వాడు కోత మిషన్ల వెంట జిల్లాలు తిరుగుతాడు. కంపెనీకి పోతే రత్నం కూతుర్ని నిద్రలో తప్ప చూడదు. ఆ మాట తను ఎవరితోనూ అనలేదు. సంచులు తీసి పెంటకుప్ప మీద పడేస్తూ, "ఇంక సాలు మావయ్యా" అంది. అంతే.

"సోమారం దాకా టైమున్నాది గదా. పద, సేస్తన్నోళ్ళ దగ్గిరికి ఎల్లి సూద్దాం" అన్నాను.

పచ్చబూజు పట్టిన సంచి ఒకటి గోనెలో కట్టుకున్నాను. మా ఉడికించిన గడ్డి ఎంత బాగుంటుందో చూపించడానికి, ఆరబెట్టి ఉంచిన గడ్డి ముక్కలు ఒక గుప్పెడు కాగితంలో పొట్లం కట్టాను. మా గడ్డి తేనె రంగులో ఉంటుంది. నాకు దాని మీద గర్వం.

బుచ్చయ్యపేట: తుప్పు పట్టిన డ్రమ్ము

గురువారం బస్సెక్కాం. ఆధార్ కార్డు చూపించి రత్నం ఆడవాళ్ళకిచ్చే డబ్బుల్లేని టికెట్టు తీసుకుంది. నాకు మాత్రం డబ్బులు తీసుకునే టికెట్టు కొట్టారు. జిల్లా పేరు మారిందని అందరూ అంటున్నారు గానీ, దారి పొడుగునా సగం బోర్డుల మీద ఇంకా విశాఖపట్నం జిల్లా అనే ఉంది. చదవడం వచ్చాక నాకు పట్టుకున్న జబ్బు ఇది. బోర్డు కనిపిస్తే వదలను.

ముందు సీట్లో ఒకావిడ ముక్కు మూసుకుంది.

"ఏటి బాబూ ఆ గోనెలో? సచ్చిన ఎలకేటి?"

"పుట్టగొడుగులమ్మా."

"అవి తింటారేటి మీరు?"

"బాగుంటే తింటాం. బాగులేదనే ఊరేగిస్తన్నాం" అన్నాను. వెనక సీట్లో రత్నం కిటికీ వైపు తిరిగి నవ్వింది. రెండు వారాల తరవాత అదే నవ్వడం.

బుచ్చయ్యపేటలో సత్యవతి అనే ఆవిడ రేకుల షెడ్డులో పుట్టగొడుగులు పెంచుతోంది. యాభై ఏళ్ళుంటాయి. పావు కిలో ప్యాకెట్టు అరవై రూపాయలకి ఇంటి దగ్గరే అమ్ముతుంది. మేం వెళ్ళేసరికి డ్రమ్ములో నీళ్ళు కాగుతున్నాయి. గడ్డిని గోనెలో మూటకట్టి అందులో ముంచింది. పైకి తేలకుండా రాయి పెట్టింది, మూత వేసింది.

"మీరు ఎలగ సేస్తారు?" అని అడిగింది.

"మరగబెడతాం" అన్నాను.

"తెగ మరగనిస్తారా?"

"కుతకుతా."

"అయితే అదే. గడ్డి అన్నం కాదు బాబూ. నీల్లు బాగా కాగాల, మరక్కూడదు. ఉడికిపోతే గడ్డి సచ్చిపోద్ది, మెత్తబడిపోద్ది. మెత్తబడితే బూజుకి పండగ. సెయ్యెట్టి సూడు, అంత వేడుంటే సాలు."

చెయ్యి పెట్టాను. బెల్లం పాకం ముదిరిందా లేదా అని వేలితో తీసి చూసిన చెయ్యి ఇది, వేడి నీళ్ళు నన్నేం చేస్తాయనుకున్నాను. కాలింది. సత్యవతి చన్నీళ్ళ చెంబు ముందే పక్కన పెట్టుకుని ఉంది. వచ్చిన మగవాళ్ళందరూ ఇదే చేస్తారట.

ఆవిడ డ్రమ్ము నాకు నచ్చలేదు. అడుగంతా తుప్పు. మాది మా నాయన నాటి బెల్లం పెనం. నలుగురు పడితే గాని లేవదు. సీజను అయిపోగానే ముదురు పాకం పలచగా పూసి, సన్న మంట మీద కాలుస్తాం. నల్లగా పొర కడుతుంది. ఏడాదంతా తుప్పు దరికి రాదు. ఇప్పుడు గడ్డి ఉడకబెట్టిన ప్రతిసారీ ఆ పొర కాస్త కరిగిపోతుంది కాబట్టి, ప్రతిసారీ బెల్లం కరిగించి మళ్ళీ పూత పూస్తాను. షెడ్డు రత్నానిది, పెనం నాది. ఇదంతా సత్యవతికి వివరంగా చెప్పాను.

"మాకు అంత ఓపిక నేదు బాబూ" అంది ఆవిడ, తుప్పు డ్రమ్ము కింద మంట ఎగదోస్తూ.

మధ్యాహ్నం పుట్టగొడుగులు జీడిపప్పు వేసి ఇగురు చేసి పెట్టింది. రత్నం నెమ్మదిగా తింది. తను పెంచినవి తను ఇంతవరకూ తినలేదని నాకు అప్పుడు తట్టింది.

రోలుగుంట: తొట్టి

అక్కణ్ణించి రోలుగుంటకి ఆటో. గుంతల్లో ఎగిరి ఎగిరి గోనెలో సంచి చిరిగింది. ఆటోలో మిగతావాళ్ళు దిగిపోయి ఇంకో ఆటో ఎక్కారు. డ్రైవరు అద్దంలో చూస్తూ ముక్కుకి తువ్వాలు కట్టుకున్నాడు.

రోలుగుంటలో గోవిందు లారీ నడిపి మానేసినవాడు. నా కంటే చిన్న. అతను అసలు పొయ్యే వెలిగించడు. సిమెంటు తొట్టిలో నీళ్ళు పోసి, అందులో ఫార్మలిన్, తెగుళ్ళ పొడి కలిపి, గడ్డి ముంచి, పైన ప్లాస్టిక్ కప్పేస్తాడు. దగ్గరికి వెళ్ళగానే కళ్ళు మండి నీళ్ళు కారాయి.

"ఉడకబెట్టడం ఎందికన్నా? కర్రలు దండగ. ఇందులో ముంచి పడుకో. తెల్లారేసరికి అన్నీ సచ్చిపోతాయి."

"అన్నీ అంటే?"

"అన్నీ."

వెనకనించి వాళ్ళావిడ అంది: "రోజూ పీలస్తన్నాడు, ఈయన మటుకు సావలేదు సూడండి."

గోవిందు పట్టించుకోలేదు. మా సంచి చూసి, "మందు వెయ్యలేదు గాబట్టి ఇలగయినాది" అని తేల్చేశాడు. అతని షెడ్డులో సంచులు తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. ఆ మాట ఒప్పుకోవాలి. తప్పు పట్టడానికి ఏమీ కనిపించలేదు. రత్నం ఒక్కో సంచీ పట్టుకుని చూస్తోంది. ఆ చూపు నాకు తెలుసు. పక్కింటి చేను పండితే చూసే చూపు.

"మీ ఇంట్లో ఇవి వండుకుంటారా?" అని అడిగాను.

"వండుకుంటాం. ఏం, వండుకోమేటి?" అన్నాడు గోవిందు.

"ఈయన వండుకుంటాడు" అంది వాళ్ళావిడ.

బెల్లం తెల్లగా రావాలని పాకంలో మందు పొడి చల్లే రోజులు నేను చూశాను. నేను చల్లలేదు. నా దిమ్మలు నల్లగా ఉన్నాయని మార్కెట్లో తక్కువకి అడిగేవాళ్ళు, ఇచ్చేవాణ్ణి. గొప్ప కోసం చెప్పడం లేదు. ఆ పొడి వాసన నాకు పడదు, అంతే. అయినా తిరుగు బస్సులో రత్నం, "తొట్టి కట్టించడం ఎంతవుద్ది మావయ్యా?" అని అడిగితే, వద్దని చెప్పే నోరు నాకు లేకపోయింది. నా వద్దు మీద తన బతుకు నడవదు కదా.

"రేపు అనకాపల్లి సూసి సెప్తాను" అన్నాను.

అనకాపల్లి: గేటు బయట

అనకాపల్లి అంటే నాకు బెల్లం మార్కెట్టు. ఈసారి దాని పక్కనించే వెళ్ళి, లోపలికి తిరక్కుండా, ఒక మేడ ముందు ఆగాం. మాకు విత్తనం అమ్మే అమ్మాయి శిరీష ఇల్లది. సూక్ష్మజీవుల చదువు చదివింది. మేడ మీద రెండు గదుల్లో ల్యాబు పెట్టుకుంది. చూస్తే ఇంకా కాలేజీకి వెళ్ళే పిల్లలా ఉంది గానీ, పెళ్ళయి ఇద్దరు పిల్లలట.

గోనె చూడగానే ఆ అమ్మాయి రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"తాతగారూ, దయచేసి ఆ సంచి గేటు బయటే పెట్టండి. కాళ్ళూ చేతులూ సబ్బుతో కడుక్కుని రండి."

"కడుక్కునే వచ్చేం అమ్మా."

"మళ్ళీ కడుక్కోండి."

నా చిన్నప్పుడు కొందరి ఇళ్ళ ముందు మనుషుల్ని అలాగే గేటు బయట నిలబెట్టేవాళ్ళు. మా నాయనా నిలబడ్డాడు. గేటు దగ్గర గోనె దించుతుంటే అదే గుర్తొచ్చింది, కాస్త కోపం కూడా వచ్చింది. తరవాత గమనించాను. ఆ అమ్మాయి తను లోపలికి వెళ్ళేటప్పుడూ అలాగే కడుక్కుంది. వాళ్ళాయన కాఫీ పట్టుకొస్తే గుమ్మం దాటనివ్వలేదు. ఎవరి కులమూ ఇక్కడ పని చెయ్యదు. బూజుకే అంటు. ఇది నయం అనుకున్నాను. కోపం పోయింది.

లోపల ఆటోక్లేవ్ అని పెద్ద కుక్కరు ఉంది. నిలబెడితే నా నడుం దాకా వస్తుంది. పుట్టగొడుగు విత్తనాన్ని జొన్నల మీదే పెంచుతారట. ఉడికించిన జొన్నలు సీసాల్లో పోసి, దూది బిరడా పెట్టి, అందులో బిగించి ఆవిరి ఎక్కిస్తారు. మూత తీసేదాకా దాని దగ్గర కూర్చుని కబుర్లు చెప్పుకున్నాం.

"జొన్నల్లో ఒక్క ప్రాణి కూడా మిగలకూడదు తాతగారూ. విత్తనం కదా. గడ్డి సంగతి వేరు. గడ్డిలో చెడ్డవాటిని చంపి, కొన్నిటిని ఉంచాలి. ఆ మిగిలినవి కాపలా కాస్తాయి. అందుకే గడ్డికి వేడి చాలు, ఇంత ఒత్తిడి అక్కర్లేదు."

"మంచియ్యో సెడ్డయ్యో ఎలగ తెలుస్తాదమ్మా?"

"వేడికి తట్టుకుని నిలబడేవి చాలావరకు మంచివే."

"అయితే నాను మంచిదాన్నే" అంది రత్నం. "ఈల్లింట్లో ఎనిమిదేల్లై నిలబడ్డాను."

శిరీష గట్టిగా నవ్వింది. నేను జొన్న సీసాల వైపు చూశాను.

తరవాత ఆ అమ్మాయి చేతులకి తొడుగులు వేసుకుని గేటు బయటికి వచ్చింది. చిరిగిన సంచిని అటూ ఇటూ తిప్పి చూసింది. అడుగునించి పైదాకా కోసి, లోపల చూసింది.

"ఒక మూల మొదలై పాకితే చేతినించో గాలినించో వచ్చిందనుకోవచ్చు. ఇది అన్ని పొరల్లోనూ ఒకేసారి లేచింది. కారణం గడ్డిలోనే ఉంది. గడ్డి గట్టి తిండి. పుట్టగొడుగు దాన్ని నెమ్మదిగా తింటుంది. పచ్చబూజుకి అంత ఓపిక ఉండదు. దానికి తేలిక తిండి కావాలి. అలాంటిది ఎక్కడైనా దొరికితే ముందు బూజే దూకుతుంది. తవుడు కలుపుతున్నారా?"

"నేదమ్మా."

"మైదా, గంజి, ఏదైనా?"

"వట్టి గడ్డి, నూతి నీల్లు" అంది రత్నం.

"అయితే ఆ తేలిక తిండి మీ గడ్డిలోకి ఎక్కడినించి వస్తోందో మీరే వెతకాలి. నాకు ఇక్కణ్ణించి కనపడదు" అంది శిరీష. తెలియదని చెప్పిన మనిషి ఈ ప్రయాణంలో తనొక్కతే. ఆ సంచిని తనే దూరంగా తీసికెళ్ళి తగలబెట్టింది. రెండు రోజులు ఒళ్ళో పెట్టుకు తిరిగినది కాలిపోతుంటే నాకు కొంచెం బెంగగా అనిపించింది. గడ్డి పొట్లం మాత్రం జేబులోనే ఉండిపోయింది. చూపించడం మరిచిపోయాను.

కొండ కింద

శనివారం మాడుగుల దాటి, కొండ మొదట్లో దిగి, పక్క దారిలో నడిచాం. శిరీషే చెప్పింది, అక్కడ కొండమ్మ అని ఒకావిడ ఆవిరి మీద గడ్డి శుద్ధి చేస్తుందని. నా ఈడు మనిషి. డ్రమ్ము అడుగున రాళ్ళు పేర్చి, రాళ్ళ మధ్య నీళ్ళు పోసి, రాళ్ళ మీద చిల్లుల రేకు, రేకు మీద తడి గడ్డి. మూత మీద తడి గోనె. కట్టెలు కొండవే. ఇడ్లీ పాత్ర లెక్కే. గడ్డి నీళ్ళలో మునగదు, ఆవిరి మాత్రం తగులుతుంది. వాసన కమ్మగా ఉంది. పనస తొనల వాసనకీ తడిసిన చేను వాసనకీ మధ్య.

చోడి అంబలి, అదే రాగులది, ఇచ్చింది, పక్కన ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. మేం ఇంటి దగ్గర అంబలి మజ్జిగ పోసి పలచగా తాగుతాం. వీళ్ళది గరిట నిలబడేంత చిక్కన.

"మీ కొండ మీద వానకి పుట్టగొడుగులు ఆటంతట అవే వస్తాయి గదా. అడవిలో గడ్డి ఎవరు ఉడకబెట్టేరు?" అని అడిగాను. చాలా రోజులుగా నా మనసులో ఉన్న ప్రశ్న అది.

కొండమ్మ డ్రమ్ము మూత మీది గోనె సర్దింది. "అడివిలో అందరికీ కూడున్నాది. సంచిలో ఒకడికే ఎడతన్నావు. మిగతావోల్లు ఊరుకుంటారేటి?"

 

అరుగు మీద నా తువ్వాలు మడిచి, దాని మీద గడ్డి పొట్లం పెట్టాను, ఈసారైనా చూపిద్దామని. అంబలి తాగి చూసేసరికి పొట్లం నిండా చీమలు. తువ్వాలు దులిపాను, నా మెడ మీదికెక్కాయి.

"మీ అరుగు నిండా సీమలే కొండమ్మా."

"మా అరుగు మీద నేవు. ఇందాకట్నించి నానూ ఇక్కడే కూసున్నాను గదా. నీ పొట్లం కోసం వొచ్చేయి."

"గడ్డికి సీమలేటి?"

"నీ గడ్డిని అడుగు."

రత్నం నా మెడ మీది చీమలు తువ్వాలుతో దులిపింది. మా ఇళ్ళల్లో కోడలు మామని ముట్టుకోదు. బస్సులో కూడా మూడు రోజులుగా వెనక సీట్లోనే కూర్చుంది. చీమలకి ఆ పట్టింపులు తెలియవు. పొట్లం దులిపి మళ్ళీ జేబులో పెట్టుకున్నాను. నాకు మా గడ్డి మీద గర్వం అప్పటికీ పోలేదు.

మాడుగుల: హల్వా

తిరుగు బస్సుకి టైముంది. మనవరాలికి హల్వా కొందామని ఒక దుకాణంలోకి వెళ్ళాం. మాడుగుల వెళ్ళి హల్వా లేకుండా ఇంటికి వెళ్తే ఆ పిల్లగుంట నన్ను గుమ్మం దాటనివ్వదు. పావు కిలో తూయించాం. నమూనాకని ఆకులో ఇంత ముద్ద పెట్టారు. అది తింటూ, పెరట్లో వండుతున్నారని తెలిసి చూడ్డానికి వెళ్ళాను. పెద్ద పెనం కనిపిస్తే నా కాళ్ళు ఆగవు.

వంటాయన పేరు సూర్యారావు. పొట్ట మీద తువ్వాలు, చేతిలో నా ఎత్తు గరిట. ఒక మూల గోధుమపాలు పెద్ద గిన్నెల్లో తేరడానికి పెట్టి ఉన్నాయి. పైన పల్చటి గుడ్డ. గుడ్డ తీసి చూద్దామని చెయ్యి చాచాను.

"బాబూ, ఆగండాగండి. ఆ సేత్తో ముట్టుకోవొద్దు."

"కడుక్కునే ఉన్నాను." శిరీష దగ్గర అన్న మాటే మళ్ళీ వచ్చేసింది.

"కడుక్కోడం కాదు. హల్వా తిన్న సెయ్యది. తీపి సెయ్యి. పాలల్లో తీపి తగిలితే తెల్లారేసరికి పైన బూజు తేలిపోద్ది. పంచదార పాకం గిన్నె ఏరు, పాల గిన్నె ఏరు. గరిటి కూడా ఏరు. మా మేస్త్రి నేర్పిన మొదటి ముక్క ఇదే. ముందు నన్ను కొట్టేడు, తర్వాత సెప్పేడు."

చెయ్యి అలాగే ఉండిపోయింది. వేళ్ళ మీద నెయ్యి, పాకం మెరుస్తున్నాయి. శిరీష మాట చెవిలో ఉంది, తేలిక తిండి ఎక్కడినించి వస్తోందో మీరే వెతకాలని. కొండమ్మ అరుగు మీది చీమలు మెడ మీద ఇంకా పాకుతున్నట్టే ఉంది.

బయటికొచ్చి కుళాయి దగ్గర చెయ్యి కడుక్కున్నాను. నోరు కూడా రెండుసార్లు పుక్కిలించాను, హల్వా రుచి పోవాలని. జేబులో పొట్లం తీసి, గడ్డి ముక్క ఒకటి నోట్లో పెట్టుకుని నమిలాను.

రత్నం హల్వా పొట్లం పట్టుకుని నిలబడింది. "మావయ్యా, గడ్డి తింటన్నావేటి? జనం సూస్తన్నారు."

"నువ్వూ తిను."

"నానెందికి?"

"తిను సెప్తాను."

నమిలింది. ముందు మొహం చిట్లించింది. తరవాత నమలడం ఆపింది. మళ్ళీ నెమ్మదిగా నమిలింది.

"తియ్యగున్నాది" అంది.

"ఆఁ."

"పెనం."

"పెనమే."

 ఎవరో సైకిలు బెల్లు కొడితే పక్కకి జరిగాం. నేను పూసిన బెల్లం నీళ్ళలో కరిగి, గడ్డిలోకి ఎక్కి, సంచుల్లోకి పోయింది. తేనె రంగు అంటూ నేను మురిసిపోయింది ఆ బెల్లాన్ని చూసే. రెండుసార్లూ బూజుకి నేనే విస్తరి వేసి వడ్డించాను.

"మూడ్రోజులు ఊల్లన్నీ తిప్పేవు" అంది రత్నం. "దొంగని ఇంట్లోనే ఎట్టుకుని."

"పోలీస్టేషన్లో అప్పజెప్తావేటి?"

"ముందు ఇంటికి పద. ఆ పెనం సంగతి సూడాల."

బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉంది. వెనకా ఒకటి ఉంది. రత్నం నా పక్కన కూర్చుంది. హల్వా పొట్లం ఇద్దరి మధ్యా పెట్టింది. వడ్డాది దాటాక నెమ్మదిగా అడిగింది.

"నిజంగా అదేనంటావా? నాను సోమారం ఆవిడికి ఏటి సెప్పాల?"

అవునని చెప్పొచ్చు. తను నమ్మేది కూడా. కానీ నమ్మి కంపెనీ చోటు వదులుకున్నాక, మూడోసారి కూడా పచ్చగా లేస్తే? సత్యవతి మరగబెట్టొద్దంది, గోవిందు మందు వెయ్యమన్నాడు. వాళ్ళ షెడ్లు వాళ్ళకి నడుస్తున్నాయి. నేను చూసింది ఒక గడ్డిముక్క రుచి.

"తెలీదు" అన్నాను. "గడ్డి తియ్యగున్నాది. అది మటుకు తెలుసు."

రత్నం తల ఊపింది. 

ఇల్లు

ఆదివారం నలుగుర్ని పిలిచి పెనం దించాను. ఇసుక, చింతపండు, ఇటిక ముక్క, కొబ్బరి పీచు. మా నాయన పూసిన పొర అడుగున ఎక్కడో ఉంది, దాని మీద నా పూతలు. పెచ్చులు పెచ్చులుగా ఊడింది. మనవరాలు ఒక పెచ్చు తీసి నాకి, బాగుంది తాతా అంది. సాయంత్రానికి లోపల ఇనుము తెల్లగా బయటపడింది. ఆ పెనాన్ని అంత తెల్లగా నేనెప్పుడూ చూడలేదు. కడిగిన నీళ్ళు పారిన చోట, పాక గుమ్మం నించి అరటిచెట్ల దాకా, చీమలు బారు కట్టాయి.

రత్నం గడ్డి నానబోసింది. రాత్రి అదే పెనంలో, సత్యవతి చెప్పినట్టు మరగనివ్వకుండా, మూత వేసి కాచింది. మందు మాట ఎత్తలేదు.

సోమవారం చీకటితోనే కంపెనీ బస్సు మా ఇంటి ఎదురుగా ఆగింది. సూపర్‌వైజరు కిటికీలోంచి పిలిచింది. రత్నం గడ్డి ఆరబోస్తూ ఉంది, చేతులు సబ్బుతో కడుక్కుని మరీ. లేచి రెండడుగులు వేసింది. పక్కన మంచం మీద గుంట నిద్రపోతోంది. రత్నం దానివైపు చూడలేదు, నా వైపు చూసింది.  

"నాను రాను అక్కా. నా పనుంది" అంది.

బస్సు వెళ్ళిపోయింది. సంచులు నింపాం. నేను షెడ్డులోకి పోయిన ప్రతిసారీ సబ్బుతో కడుక్కున్నాను, పొద్దుటి నించీ బెల్లం ముట్టకుండా. టీ కూడా చప్పగానే తాగాను. ఆ రోజులు ఎలా గడిచాయో రాయడం నాకు చేతకాదు. మొదటిసారి పచ్చ మచ్చ కనపడ్డ రోజు దాటింది. రెండోసారి కనపడ్డ రోజూ దాటింది. ఒక పొద్దున్న రత్నం సంచి ఒకటి విప్పి తెచ్చి నా ఎదురుగా అరుగు మీద పెట్టింది. అన్నం వార్చిన గిన్నె అంచులా తెల్లగా, గడ్డి కనపడనంత తెల్లగా ఉంది.

మొదటి కోతలో పుట్టగొడుగులు అమ్మలేదు. ఇగురు పెట్టుకుని తిన్నాం. రత్నం రెండోసారి వడ్డించుకుంది.

చీమలు అరటిచెట్ల దగ్గర ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. మా నాయన పెనానికి అంచుల వెంబడి తుప్పు పడుతోంది. పట్టనీ.